ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా

ధనుర్మాసం మొదలైందంటే మా అమ్మ నెల్లూరు నుంచి రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తుంది. పలకరింపులేమీ ఉండవు. "అమ్మాయ్, రాసుకో. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా, సందు చుక్క." మర్నాడు పొద్దున నేను మేడవాక్కంలో మా ఫ్లాట్ గుమ్మం ముందు, చెప్పుల స్టాండుకీ లిఫ్టుకీ మధ్య మిగిలిన జాగాలో కూర్చుని చుక్కలు పెడతాను. మధ్య వరుసలో ఏడు. దాని పైన ఆరు, అయిదు, నాలుగు. కిందా అంతే. మొత్తం 37. ఒక్క ముక్కలో ముప్పయ్యేడు చుక్కలూ నెల్లూరు నుంచి చెన్నై వచ్చేశాయి. అందులో "సందు చుక్క" అన్న మాటే ప్రాణం. పై వరుస చుక్క కింది వరుసలోని రెండు చుక్కల సందుకి ఎదురుగా రావాలని దాని అర్థం. "సరి చుక్క" అంటే ఒకదాని నెత్తిన ఒకటి. పక్క ఫ్లాట్ తమిళావిడ వీటినే ఇడుక్కు పుళ్ళి, నేర్ పుళ్ళి అంటుంది. భాష మారినా చుక్కలు కదలవు.

అసలు తంటా ఆ తర్వాతే. గీత ఎలా తిప్పాలో అమ్మ ఫోన్లో చెప్పడానికి చూస్తుంది. "నడిమి చుక్క చుట్టూ తిప్పి, కుడి పక్కకి పోనిచ్చి, ఆ రెండోదాన్ని వదిలేసి... అది కాదే, దాని పక్కది..." రెండు నిమిషాలకి ఇద్దరికీ విసుగొస్తుంది. "ఉండు, ఫోటో పెడతా."

పద్నాలుగేళ్ళుగా చెన్నై ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో గంటలకొద్దీ సాగే ఒక తగువు మొత్తం ఈ ఫోన్ కాల్‌లో ఉంది. సాఫ్ట్‌వేర్ మోడల్‌ని బొమ్మగా గీయాలా, మాటల్లో రాయాలా? (ఈమధ్య మోడల్ అనగానే అందరూ ఏఐ అనుకుంటున్నారు. నేననేది పాత మోడల్: ఈ సిస్టంలో ఏయే వస్తువులున్నాయి, ఒకదానికొకటి ఏమవుతాయి, ఏది ఏ స్థితి నుంచి ఏ స్థితికి పోతుంది అని చెప్పేది.) నా పక్షం ఏదో ముందే చెప్పేస్తాను. రాయాలి. గీయొద్దని కాదు. గీయండి, బోర్డు నిండా గీయండి. కానీ దాచుకునేది, పదిమందీ మార్చేది, మాట తేడా వస్తే తీసి చూపించేది రాత అయ్యుండాలి. బొమ్మ ఆ రాతలోంచి పుట్టాలి.

ఈ అభిప్రాయం పుస్తకాలు చదివి రాలేదు. ఆరేడేళ్ళ కిందట ఒక కంటైనర్ యార్డుకి సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. ఏ యార్డో, ఏ కంపెనీయో ఇక్కడ అనవసరం. ఓడ దిగిన కంటైనర్ తలుపుకి ఒక సీల్ ఉంటుంది. దాని నంబరు సరుకు ఓడ ఎక్కినప్పుడు ఇచ్చే కాగితం, బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఉంటుంది. గేటు దగ్గర ఆ నంబరూ ఈ నంబరూ కలిస్తే, దారిలో తలుపు ఎవరూ తీయలేదని నమ్మకం. కస్టమ్స్ వాళ్ళు తనిఖీ చేయాలనుకుంటే ఆ సీల్ కత్తిరిస్తారు, చూడటం అయ్యాక కొత్తది వేస్తారు. అంటే ఒకే ప్రయాణంలో ఒక కంటైనర్‌కి రెండో మూడో సీళ్ళు పడొచ్చు. పాత సీల్ చెత్తబుట్టలోకి పోయినా దాని నంబరు మన దగ్గర ఉండాలి.

మా క్లాస్ డయాగ్రంలో, అంటే ఏ వస్తువుకి ఏది ఏమవుతుందో చూపించే బొమ్మలో, కంటైనర్ అని ఒక డబ్బా, సీల్ అని ఒక డబ్బా, మధ్య గీత. గీతకి రెండు చివరలా 1, 1. ఒకదానికి ఒకటే అని. మా టీంలో ఒకావిడ యార్డుకి వెళ్ళి ఒకపూట నిలబడి చూసొచ్చి, సీల్ వైపున్న 1ని 1..* చేసింది. ఒకటి గానీ అంతకన్నా ఎక్కువ గానీ అని. ఆ టూల్‌లో మోడల్ అంతా కలిపి ఒకే ఫైలు. అదే వారం ఇంకో అతను తన కాపీలో బిల్లింగ్ డబ్బాలు సర్దుకుంటున్నాడు. శుక్రవారం సాయంత్రం అతని ఫైలు తెచ్చి షేర్డ్ డ్రైవ్‌లో పెట్టాడు. ఆమె మార్పు పోయింది. పోయినట్టు ఎవరికీ తెలియలేదు. ఏ3 కాగితం మీద ప్రింటు తీసి గోడకి అంటించిన బొమ్మలో, అరవై చిల్లర డబ్బాల మధ్య, ఆవగింజంత గుర్తు అది. రివ్యూలో పదకొండు మందిమి ఆ గోడ ముందు నిలబడి చూశాం. నేనూ చూశాను, సంతకం కూడా పెట్టాను.

డేటాబేస్‌లో సీల్ నంబరుకి ఒక్క కాలమ్ వచ్చింది. సిస్టం మొదలైన మూడో వారానికి, తనిఖీ అయిన ప్రతి కంటైనర్‌కీ కొత్త నంబరు వచ్చి పాత నంబరు మీద కూర్చుంది. ఒక దిగుమతిదారు సరుకు తక్కువొచ్చిందన్నాడు, ఓడ దిగినప్పుడు ఏ సీల్ ఉందో చూపించమన్నాడు. చూపించడానికి మా దగ్గర ఏముంది? నాలుగు రాత్రులు గేటు రిజిస్టర్ ఫోటోలు ముందు పెట్టుకుని నంబర్లు టైపు చేశాం. అక్కడి గుమాస్తా చేతిరాతలో 1కీ 7కీ తేడా ఉండదని ఆ రాత్రుల్లోనే తెలిసింది.

తర్వాత మీటింగులో టూల్ తప్పని ఒకరు, ప్రాసెస్ తప్పని ఒకరు, ప్రింటు చిన్నగా వచ్చిందని ఇంకొకరు. నాకు మాత్రం ఒకటే అనిపించింది. ఆమె చేసిన మార్పు ఇలా ఉండుంటే?

− సీల్ : సీల్ [1]
+ సీళ్ళు : సీల్ [1..*]

మా ఫైళ్ళు ఇంగ్లీషులో ఉంటాయి, చదవడానికి వీలుగా తెలుగులో చూపిస్తున్నాను. రెండే లైన్లు: మైనస్ ఉన్నది తీసేసింది, ప్లస్ ఉన్నది కొత్తగా పెట్టింది. ఎవరు మార్చారో, ఏ రోజు మార్చారో, ఫైళ్ళ మార్పుల చిట్టా రాసే గిట్ చెబుతుంది. ఇంకొకరి ఫైలు దీన్ని తొక్కేయబోతే "ఇక్కడ ఇద్దరూ చెయ్యి పెట్టారు, తేల్చుకోండి" అని ఆపుతుంది. రివ్యూలో పదకొండు మంది అరవై డబ్బాలు చూడక్కర్లేదు, ఈ రెండు లైన్లు చూస్తే చాలు. ఒకడు కింద కామెంటు పెట్టొచ్చు: "ఎందుకు?" రాతని సమర్థించేవాళ్ళు మామూలుగా టైపు చేయడం తేలిక, మౌస్ పట్టుకోనక్కర్లేదు అంటారు. అవన్నీ చిల్లర లాభాలు. రాతలో ఉన్నదాని మీద ఒక్కో లైను పట్టుకుని పోట్లాడుకోవచ్చు. బొమ్మ మీద అలా కుదరదు. బొమ్మ చూసి "బాగుంది" అనో "గజిబిజిగా ఉంది" అనో అంటాం.

తమాషా ఏంటంటే, బొమ్మలకి పెట్టింది పేరనుకునే మోడలింగ్ భాష యూఎంఎల్‌లో కూడా గట్టి సంగతులన్నీ అక్షరాల్లోనే ఉన్నాయి. బూచ్, రంబా, జాకబ్సన్ ముగ్గురి పద్ధతులూ కలిసి యూఎంఎల్ అయింది, 1997లో ఓఎంజీ అనే ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణంగా తీసుకుంది. క్లాస్ డబ్బా లోపల చూడండి: ప్లస్ పెడితే అందరికీ కనిపించేది, మైనస్ పెడితే లోపలిది, పేరు, రెండు చుక్కలు, టైపు, బ్రాకెట్లో ఎన్ని. అది వాక్యమే, దాని చుట్టూ నాలుగు గీతలు గీశారంతే. "పాత సీల్ కత్తిరించిన టైం, కొత్త సీల్ వేసిన టైం కన్నా ముందుండాలి" లాంటి షరతు పెట్టాలంటే బొమ్మ చేతులెత్తేస్తుంది. ఆ సంగతి యూఎంఎల్ పెద్దలకీ తెలుసు. అందుకే షరతులు రాసుకోవడానికి ఓసీఎల్ అనే రాతభాషని ఆ 1997 నాటి యూఎంఎల్‌లోనే జతచేశారు.

అలాగని అక్షరాల్లో ఉన్నదల్లా రాత అయిపోదు. ఎక్స్ఎంఐ సంగతి తీసుకోండి. ఒక టూల్‌లో గీసిన మోడల్‌ని ఇంకో టూల్‌కి ఇవ్వడానికి ఎక్స్ఎంఎల్ అనే ట్యాగుల రాతలో పెట్టే పద్ధతి, ఓఎంజీదే. తెరిచి చూస్తే అక్షరాలే. కానీ ప్రతి డబ్బాకీ బారెడు ఐడీ, ఆ ఐడీని పట్టుకుని ఇంకో ఐడీ, కోణాల బ్రాకెట్ల అడవి. సీల్ అన్న మాట ఒకచోట కనిపిస్తే దాని 1..* ఎక్కడో నాలుగొందల లైన్ల కింద. పైగా డబ్బా ఎక్కడుంది, ఎంత వెడల్పు అన్న సంగతి మొదట్లో అందులో వచ్చేదే కాదు. మోడల్ అవతలి టూల్‌కి చేరేది, బొమ్మ మాత్రం దారిలో పోయేది. మేం ఒకసారి రెండు ఎక్స్ఎంఐ ఫైళ్ళని గిట్‌లో కలపబోయాం. కలిశాయి కూడా. కలిసిన ఫైలు టూల్‌లో తెరుచుకోలేదు. మనిషి చదవలేని రాత మీద మనుషులు పోట్లాడుకోలేరు, అక్కడికి నా వాదన ఆగిపోతుంది.

ఓఎంజీ వాళ్ళకీ ఇది తట్టినట్టుంది. 2004లో హెచ్‌యూటీఎన్ అని ఇంకో ప్రమాణం తెచ్చారు. మనుషులు వాడగలిగే రాత అని పేరులోనే పెట్టుకున్నారు. పేరులో "తినదగిన" అని రాసుకున్న ఇడ్లీ ఎవరికైనా అనుమానమే కదా. ఏ మోడలింగ్ భాషకైనా ఒకే మూస రాత దానంతటదే వచ్చేయాలన్నది అక్కడి ఆలోచన. అదే దాని బలం, నా లెక్కలో అదే దాని జబ్బు కూడా. యార్డు వాళ్ళకి యార్డు మాటల్లో ఉండాలి. బ్యాంకు వాళ్ళకీ యార్డు వాళ్ళకీ ఒకే వ్యాకరణం అంటే ఇద్దరికీ పరాయిదే.

మరి ఇప్పుడు అందరూ వాడేది? ప్లాంట్‌యూఎంఎల్ 2009 నుంచీ ఉంది. మెర్మెయిడ్ 2014లో వచ్చింది, 2022లో అందరూ కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటు దాన్ని నేరుగా బొమ్మగా చూపించడం మొదలుపెట్టాక ప్రతి ప్రాజెక్టు పరిచయం ఫైలు, రీడ్‌మీలోనూ దిగిపోయింది. నాలుగు లైన్లు రాస్తే బొమ్మ. నేనూ రోజూ వాడతాను. కానీ వీటిని చూసి "మా మోడల్ ఇప్పుడు రాతలో ఉంది" అనుకునేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఇది చూడండి:

గేట్ --> యార్డ్ : లోపలికి
యార్డు --> రోడ్డు : డెలివరీ

ఒకచోట యార్డ్, ఇంకోచోట యార్డు. టూల్ ఏం చేస్తుంది? నోరెత్తదు. రెండు డబ్బాలు గీసి పెడుతుంది. గేటు లోంచి వచ్చిన కంటైనర్ ఒక యార్డులో ఆగిపోతుంది, ఏ కంటైనరూ రాని ఇంకో యార్డు లోంచి డెలివరీ జరుగుతుంది. బొమ్మ మాత్రం చక్కగా ఉంటుంది. ఈ భాషలకి బాణం అంటే గీయాల్సిన బాణం, అంతే. వాటికి యార్డు అంటే ఏమిటో తెలియదు, తెలుస్తుందని వాటిని చేసినవాళ్ళూ చెప్పలేదు.

నా చిన్నప్పుడు బళ్ళో ఎవరైనా పద్యం రాసి తీసుకెళ్తే, మా తెలుగు మాస్టారు బాగుందా లేదా అనేముందు పెన్సిల్ తీసేవారు. అక్షరాల నెత్తిన గురువులూ లఘువులూ పెట్టుకుంటూ పోయి, ఒకచోట ఆగి, "ఇదిగో, గణభంగం" అని గీత గీసేవారు. ఉత్పలమాల అంటే భ ర న భ భ ర వ. ఏడు అక్షరాల రాత, ఇరవై అక్షరాల పాదానికి మోడల్. పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస. ఆ ఏడు అక్షరాలు పద్యం ఎలా రాయాలో చెబుతాయి సరే, రాసింది తప్పయితే ఎక్కడ తప్పో కూడా చెబుతాయి. యతి తప్పితే యతిభంగం అని దానికి వేరే పేరుంది. తప్పులకి ఇంత ముచ్చటగా పేర్లు పెట్టుకున్న జాతి మనది, మనకి, కోడ్‌లో తప్పు ఇక్కడుందని చూపే కంపైలర్ ఎర్రర్ అంటే భయమేంటో నాకర్థం కాదు. కంటైనర్ల వాళ్ళూ ఇంతే: నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఇంకో అంకె. ఆ చివరి అంకె ముందున్న పదింటినీ లెక్కకట్టి తేల్చింది. ఒక అంకె తప్పు కొడితే దాదాపు ఎప్పుడూ అక్కడే పట్టుబడుతుంది. సీల్ నంబర్లకి కూడా అలాంటిదొకటి ఉండుంటే ఆ గుమాస్తా 1, 7 దగ్గర మాకు కొన్ని గంటల నిద్ర మిగిలేది.

అందుకే ఆ గొడవ తర్వాత మేం ఎక్స్‌టెక్స్ట్ పట్టుకుని ఒక చిన్న భాష చేసుకున్నాం. ఎక్లిప్స్ వాళ్ళ పనిముట్టు అది. వ్యాకరణం రాసిస్తే రాతని విడదీసి చదివే పార్సరూ, ఎడిటరూ, పేరు తప్పితే కింద ఎర్రగీతా అన్నీ ఇస్తుంది. మాటలు పట్టుమని ఇరవై ఉండవు. యార్డు అని ఎక్కడా చెప్పకుండా వాడితే అక్కడే ఆగుతుంది. ఆ రాతలోంచే డేటాబేస్ టేబుళ్ళు, ఆ రాతలోంచే బొమ్మలు. మొదటి నెల అందరూ నన్ను తిట్టుకున్నారు. గుంటూరు నుంచి కొత్తగా చేరిన కుర్రాడైతే నా ఎదుటే అన్నాడు: "అక్కా, ఉన్న భాషలు నేర్చుకోవడానికే చస్తున్నాం, మళ్ళీ ఇంకోటా?" అతనన్నది తప్పు కాదు. సొంత భాష అంటే పెంపుడు జంతువే. తిండి పెట్టేవాళ్ళు ఉద్యోగం మానేస్తే గతేంటి అన్న ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ మంచి జవాబు లేదు.

ఇంకో పెద్ద అభ్యంతరం ఉంది. బొమ్మల పక్షం వాళ్ళు దీన్నే గట్టిగా పట్టుకోవాలి, ఎందుకో పట్టుకోరు. డేవిడ్ హరెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1980ల మొదట్లో ఇజ్రాయెల్‌లో ఒక యుద్ధవిమానం ప్రాజెక్టుకి సలహాదారుగా వెళ్ళాడు. విమానం ఎలక్ట్రానిక్స్ ఏ పరిస్థితిలో ఏం చేయాలో ఇంజినీర్లని అడిగి తెలుసుకుని, ముందు దాన్ని మాటల్లోనే, ఒక క్రమంలో రాసుకుంటూ పోయాడు. ఆ రాతలకి స్టేటోకాల్స్ అని పేరు కూడా పెట్టాడు. రాస్తూ రాస్తూ వివరించడానికి పక్కన గుండ్రటి మూలల డబ్బాలు గీసేవాడు. మనుషులు రాతని వదిలేసి ఆ డబ్బాల మీదే మాట్లాడటం మొదలుపెట్టారు. చివరికి నిలిచింది ఆ పక్క గీతలే. 1987లో స్టేట్‌చార్ట్‌లుగా అచ్చయ్యాయి, ఆ తర్వాత యూఎంఎల్‌లోకీ వచ్చాయి. అంటే నా వాదన ఆ గదిలో ఓడిపోయింది. ఓడిపోవాల్సిందే. నలుగురు ఒకచోట కూర్చుని ఇంకా తేలని సంగతి గురించి మాట్లాడుకుంటున్నప్పుడు బొమ్మని మించింది లేదు. మా యార్డు ప్రాజెక్టులోనూ బోర్డు మీద గీయకుండా ఒక్క నిర్ణయమూ జరగలేదు. కానీ అదే స్టేట్‌చార్ట్‌కి 28 ఏళ్ళ తర్వాత, 2015లో, వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఒక రాతరూపాన్ని ప్రమాణం చేయాల్సొచ్చింది, ఎస్‌సీఎక్స్ఎంఎల్ అని. గదిలోంచి బయటికి వచ్చాక దాన్ని ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి పంపాలి కదా. (అదీ ఎక్స్ఎంఎల్లే. ఈ ఎక్స్ఎంఎల్ నుంచి మనకి మోక్షం లేదు.)

రాతవల్ల నిజంగా పోయేది ఇంకొకటుంది. గోడ మీది ఆ పాత ఏ3 బొమ్మలో మా ఆర్కిటెక్ట్ గారు ఓడకి సంబంధించిన డబ్బాలన్నీ ఎడమ పక్క పెట్టారు, లారీలవి కుడి పక్క, కస్టమ్స్ నడిమిన. యార్డులో నిలబడి చూస్తే ఎలా ఉంటుందో అలా తిప్పి పెట్టినట్టు. ఏ నియమంలోనూ అలా పెట్టాలని లేదు, కానీ కొత్తగా వచ్చినవాళ్ళు ఆ బొమ్మ చూసి అరగంటలో సంగతి పట్టేసేవారు. మరియన్ పెట్రీ అనే పరిశోధకురాలు 1995లోనే ఈ మాట రాసింది: అనుభవం ఉన్నవాళ్ళు గీసిన బొమ్మల్లో అమరిక, దగ్గర దూరాలు, గుంపులు కూడా అర్థం మోస్తాయి, నోటేషన్ నియమాల్లో లేని అర్థం. ఆ అమరిక చూడటం రానివాళ్ళకి ఆ బొమ్మ పెద్దగా ఉపయోగపడదు అని కూడా. ఇప్పుడు మా రాతలోంచి పుట్టే బొమ్మలో డబ్బా ఎక్కడ పడాలో గ్రాఫ్‌విజ్ అనే ప్రోగ్రాం తేలుస్తుంది. గీతలు తక్కువ దాటుకునేలా చూడటం దానికి తెలుసు, సముద్రం ఎటుందో తెలియదు. కస్టమ్స్ పోయి లాగిన్ స్క్రీన్ పక్కన కూర్చుంది. ఒక కొత్త డబ్బా చేరిస్తే బొమ్మంతా అటు ఇటు అయిపోతుంది, నిన్న చూసిన బొమ్మ ఇవాళ గుర్తుపట్టలేం. ఈ ఒక్క విషయంలో పాత గోడ బొమ్మే నయం. దానికి నా దగ్గర మందు లేదు. వాడుకలో ఉన్న నాలుగైదు ముఖ్యమైన బొమ్మల్ని చేత్తో గీసుకుని, కింద "ఇది పాతబడి ఉండొచ్చు, అసలు రాత చూడండి" అని రాసి పెట్టుకుంటున్నాం.

ముగ్గుకీ ఇదే చిక్కు. చుక్కల లెక్క మాటల్లో దిగిపోతుంది, గీత మాత్రం లొంగదు. లొంగదని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. తీరా చూస్తే మా ఇంటికి దగ్గర్లోనే, తాంబరంలో, మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి 1970ల్లో దాని మీద పనిచేశారు. కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో అర్రే గ్రామర్లూ, కోలం (తమిళుల ముగ్గు) గురించి పేపరు రాశారు. వాక్యాలకి వ్యాకరణం ఉన్నట్టే గడుల్లో పరిచిన బొమ్మకి వ్యాకరణం, ఆ నియమాలు ఒక్కొక్కటీ నడిపిస్తూ పోతే ముగ్గు దానంతటదే పెరుగుతుంది. అమ్మకి ఈ సంగతి చెప్పాను. "అంత చదువుకుని ముగ్గు వేయడానికి మళ్ళీ వ్యాకరణమా" అంది. చుక్క, వరుస, సందు, సరి, వచ్చేదాకా. ఆవిడ వాడేదీ వ్యాకరణమే అని నేను వాదించలేదు, పొద్దున్నే ఎందుకని.

ఒరగడం వైపు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే నా స్నేహితురాలు ఈమధ్య యంత్రాల్లాంటి పెద్ద వ్యవస్థలకి మోడల్ చేసే భాష సిస్ఎంఎల్ రెండో వెర్షన్ నేర్చుకుంటోంది. మొదటిది 2007 నుంచి ఉంది, యూఎంఎల్ మీద కట్టింది, అంతా బొమ్మలే. 2025లో ఓఎంజీ ఖాయం చేసిన రెండోదాన్ని యూఎంఎల్ లేకుండా కొత్త పునాది మీద కట్టారు. అందులో మోడల్ ఒకటే, దాన్ని రాతగానూ చూడొచ్చు, బొమ్మగానూ చూడొచ్చు, రెండూ ప్రమాణంలో భాగమే. బ్రేక్ పెడల్ నుంచి చక్రం దాకా భాగాలు, వాటి కలయికలు, తీరాల్సిన అవసరాలు అన్నీ వరసగా టైపు చేసి చూపించింది. "ఇన్నాళ్ళూ మౌస్‌తో గీతలు లాగి లాగి మణికట్టు పోయింది" అంది. వాళ్ళ మేనేజర్లు మాత్రం రాత వైపు కన్నెత్తి చూడరట, బొమ్మ వస్తేనే మోడల్ అయినట్టు. అది మారడానికి ప్రమాణం ఒక్కటీ చాలదు.

మా యార్డు రాతకి మళ్ళీ వస్తాను. పోయిన నెల అక్కడి సూపర్‌వైజర్ ఒకాయన మా ఆఫీసుకొచ్చారు, తమిళాయన, ముప్పయ్యేళ్ళుగా కంటైనర్లతోనే ఉన్న మనిషి. స్క్రీన్ మీద బొమ్మ చూపిస్తుంటే తలూపుతూ కూర్చున్నారు. బొమ్మ వెనక ఉన్న రాత విండో పొరపాటున పైకి వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని, వేలు పెట్టి, నెమ్మదిగా చదివారు: కంటైనర్, సీళ్ళు, సీల్, ఒకటి గానీ అంతకన్నా ఎక్కువ గానీ.

"ఖాళీ కంటైనర్‌కి సీల్ ఎవరు వేస్తారు మేడం?" అన్నారు.

మా యార్డుకి వచ్చే పెట్టెల్లో సగం ఖాళీవే. ఆ సగానికి గేటు వాళ్ళు ఇన్నేళ్ళుగా సీల్ నంబరు గడిలో వరసగా సున్నాలు కొట్టి ముందుకెళ్తున్నారట. గుంటూరు కుర్రాడు నా వైపు చూశాడు. నేనేమీ అనకముందే కీబోర్డు లాక్కుని, 1 తీసేసి 0 పెట్టాడు.